పదో కన్ను

చిన్నబజారు సందులో నా పూసలంగడి.
అంగడంటే పెద్దమాట.
ఒక గోనెపట్ట, ఒక గొడుగు,
బిస్కెట్టు డబ్బాల్లో రంగురంగుల పూసలు,
బొటనవేలి మీద దారం కోసిన గాడి.

వాయుగుండం తీరం దాటిన మూడోనాడు
వొచ్చిందామె,
వీఆర్సీ గ్రౌండు పక్కన సెట్టర్లమ్మే టిబెట్టామె.
నెల్లూరోళ్ళకి చలేందని నవ్వుతారు గానీ
పెన్న గాలికి చెవులు మూసుకునే ముసిలోళ్ళు
మాకూ ఉండారు.

పేరు చోడోన్ అంది. నాకు నోరు తిరగలా.
కూచో చోడమ్మా, అన్నా.

రుమాలు తీసింది. రుమాల్లో ఇంకో రుమాలు.
దాంట్లో ఒక్క పూస.
"జీ" అంది.
నేనూ మర్యాదకి "జీ" అన్నా.
పగలబడి నవ్వింది. పూస పేరే జీ అంట.

చిటికెనవేలంత. డికాషన్ రంగు.
తెల్లగీతలు, గీతల మధ్య గుండ్రాలు,
తొమ్మిది కళ్ళు. ఒక్కోటీ గోటితో చూపించింది.
రాయి హకీకే.
దర్గా కాడ ఫకీర్ల మెళ్ళో ఉంటాదే, ఆ జాతి.
కానీ ఈ గీతలు చెక్కినవి కాదు, పైన పూసినవీ కాదు,
రాయి లోపలికి దిగిన మరక.
చప్పరించిన బెల్లమ్ముక్కలా నున్నగా ఉండాది.
ఎన్ని మెడలు అరగదీశాయో.

కన్ను పడిందంటే మాకు దిష్టి.
ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తాం,
పసిబిడ్డ బుగ్గన చుక్క పెట్టి చూపు మళ్ళిస్తాం.
వీళ్ళేమో కళ్ళనే మెళ్ళో కట్టుకుంటారు.
మనం నిద్రపోతే అవి మేలుకుంటాయంట.
నాకు వింతగా ఉండింది.
కాసేపటికి లేదు.

వాళ్ళమ్మ మంచుకొండ దాటినప్పుడు
ఇట్టాంటివి అయిదంట.
ఒకటి ఉప్పుకి, ఒకటి కంచరగాడిదకి,
ఒకటి దారి చూపినోడికి,
ఇంకోటి ఎందుకిచ్చిందో అమ్మ చెప్పలేదంట.
నేనూ అడగలా.
మిగిలింది ఇది.

వాన రాత్రి టార్పాలిన్ లేచిపోయి
మూటలు మోసే గందరగోళంలో తాడు తెగింది.
టార్చిలైటుతో గ్రౌండంతా బురద కెలికింది.
నిన్న సాయంత్రం
క్రికెట్టాడే పిల్లోడి చెప్పుకి అంటుకోని దొరికింది.
జీ అనేది మొదట్లో పురుగంట,
పాకతా ఉంటే ఎవురో దోసెడు మట్టి కప్పితే
అట్నే రాయైపోతాదంట,
లేకుంటే ఎగిరిపోతాదంట.
మీ ఊరి బురద కప్పింది, అందుకే ఆగింది, అంది.
కార్పొరేషనోళ్ళు వినుంటే బాగుండు.

ఒక పక్క వెంట్రుకంత పగులు.
లక్కలో కాటుక కలిపి కప్పేస్తా, తెలీకుండా, అన్నా.
చెయ్యి అడ్డం పెట్టింది.
"నాకు తగలాల్సింది దానికి తగిలింది.
దాచిపెడితే దాని పనిని దాచినట్టు."
నా ఎడంచేతి మీద కాలిన మచ్చుంది.
తమ్ముడి మీద పడబోయిన గంజి,
నలభై ఏళ్ళ నాటిది.
పైట లాగి కప్పబోయిన చెయ్యి
అట్నే ఆగింది.

పక్కంగడి సేటు తొంగిచూశాడు.
"అసలుదైతే లచ్చలు, గాజుదైతే ముప్పై."
ఆమె తల కూడా తిప్పలా.

మైనం రాసి దారం మూడు పేటలు పురిపెట్టా.
ఎక్కించే ముందు బెజ్జం ఎండకి పట్టి చూడటం
నా అలవాటు.
తొమ్మిది కళ్ళు బయటికి చూస్తుండాయి.
నాకు పనికొచ్చేది పదోది,
ఎవురు తొలిచారో తెలీని సొరంగం.
దాంట్లోంచి వాళ్ళ మంచుకొండేం కనపళ్ళా.
టీ అంగడి పొయ్యి, గొడుగు కమ్మీ,
ఇంత ఎండ ముక్క.

అటొకటి ఇటొకటి నల్లపూస వేద్దునా అన్నా.
వద్దంది.
ముడి వెయ్యబోతుంటే
"ఒకటి వెయ్యి" అంది.

నలభై అడిగా. నలభై ఇచ్చింది.
మెళ్ళో వేసుకోని, లోపలికి దోపేసి,
రెండు మాట్లు తట్టింది, జో కొట్టినట్టు.

పొద్దుగూకి డబ్బాలకి మూతలు పెడతా ఉండా.
ప్రతి పూసకీ బెజ్జముంటాది కదా.
ఇన్నేళ్ళూ ఇన్ని కళ్ళ మధ్య కూచోని
నన్నెవురూ చూళ్ళేదనుకున్నా.